ఫైరీ ఫర్నెస్‌లో ఒక పూట: ఆర్చెస్ నేషనల్ పార్కులో రేంజర్ వెంట నడిచేవారికి సమగ్ర మార్గదర్శి

యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ నేషనల్ పార్కుకి వెళ్ళినవాళ్ళలో చాలామంది డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దగ్గర ఫోటోలు దిగి, దారిలో రెండు మూడు వ్యూపాయింట్ల దగ్గర కారు ఆపి వెనక్కి వచ్చేస్తారు. అదే పార్కులో ఫైరీ ఫర్నెస్ అనే చోటు ఉంది. రోడ్డు మీంచి చూస్తే ఎర్రటి రాళ్ళ గుంపులాగే ఉంటుంది. లోపలికి అడుగుపెడితే నిలువెత్తు ఇసుకరాతి గోడలు, వాటి మధ్య సందులు, ఒక సందులోంచి ఇంకో సందు, కొన్నిచోట్ల ముందుకు దారే లేక ఆగిపోయే మూలలు. పర్మిట్ గానీ టికెట్ గానీ లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు. పార్కు రేంజర్, అంటే పార్కుని చూసుకునే ఉద్యోగి, వెంట వెళ్ళే హైక్ సుమారు రెండు మైళ్ళు ఉంటుంది. దానికి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది.

రెండు మైళ్ళకి మూడు గంటలా అనిపించవచ్చు. అందులో సగం కాళ్ళతో నడక, సగం చేతులతో పాకడం, మధ్యమధ్య ఆగి చూడటం.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు రేంజర్‌తోనే వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. దారి తప్పుతామన్న భయం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఆ నేల మీద పాదం ఎక్కడ మోపాలో, ఎక్కడ మోపకూడదో పక్కన తెలిసినవాళ్ళు ఉండి చూపిస్తే తప్ప కళ్ళకి ఆనదు. ఒక్కసారి ఆ చూపు అలవాటైతే ఆ తర్వాత ఏ ఎడారిలో నడిచినా పనికొస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఆ దృష్టితోనే రాస్తున్నాను.

ముందుగా: ఎవరు రావచ్చు, ఎవరు ఆగాలి

టికెట్ కొనకముందే ఇంట్లో అందరూ కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. అయిదేళ్ళలోపు పిల్లలకి అనుమతి లేదు. వీపున క్యారియర్‌లో మోసుకెళ్తామన్నా ఒప్పుకోరు. అయిదేళ్ళు నిండిన పిల్లలకి మాత్రం ఇది పండగే. పెద్దవాళ్ళు ఇరుక్కుంటూ దాటే సందుల్లో వాళ్ళు ఇట్టే దూరిపోతారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ, అత్తయ్యగారినీ, మామయ్యగారినీ వెంట తీసుకెళ్ళాలని అందరికీ ఉంటుంది. వయసు ఇక్కడ అడ్డు కాదు. రోజూ మెట్లెక్కి దిగే అరవై అయిదేళ్ళ మనిషి హాయిగా నడవగలడు. చూసుకోవాల్సింది మోకాళ్ళు, బ్యాలెన్స్, భయాలు. కిందివి మీవాళ్ళు చేయగలరా అని అడిగి చూడండి:

- చేతులు ఆనించి, నడుమెత్తు రాతి మీదికి ఎక్కగలరా?
- ఏటవాలు రాతి మీద కూర్చుని, చేతులు వెనక ఆనించి మెల్లగా కిందికి జారగలరా?
- భుజాలు రెండువైపులా గోడకి తగిలే సందులో పక్కకి తిరిగి కొన్ని అడుగులు నడవగలరా?
- పక్కన లోతు కనబడుతుంటే కాళ్ళు వణక్కుండా అడుగు వేయగలరా?

ఇందులో ఒక్కదానికి కూడా "ఏమో" అన్న జవాబు వస్తే వాళ్ళని బలవంతపెట్టకండి. మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. ఒక్కరి కోసం గుంపంతా ఆగాల్సి వస్తుంది, ఆ టెన్షన్‌లో కాలు జారే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇరుకు చోట్లంటే ఊపిరాడనట్టు అనిపించేవాళ్ళకి ఈ హైక్ అసలు వద్దు. వాళ్ళకి అదే పార్కులో విశాలమైన దారులు చాలా ఉన్నాయి, చివర్లో చెప్తాను.

ఏ నెలలో వెళ్ళాలి

ఏప్రిల్, మే నెలలు, లేదా సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు చివరి దాకా. ఈ రెండు కాలాల్లో పగలు నడవడానికి హాయిగా ఉంటుంది. మన కుటుంబాలకి ఇక్కడే చిక్కొస్తుంది. పిల్లల సెలవులు, అమ్మానాన్నల అమెరికా ప్రయాణం రెండూ జూన్, జూలైల్లోనే పడతాయి. అప్పుడు అక్కడ ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటడం మామూలే.

"కడప ఎండలు చూసినవాళ్ళం, ఇదో లెక్కా" అని మన పెద్దవాళ్ళు అంటారు. తేడా ఎండ తీవ్రతలో లేదు, గాలిలో ఉంది. మన దగ్గర చెమట ఒంటిమీదే నిలుస్తుంది కాబట్టి ఎంత నీరు పోతోందో తెలుస్తుంది. యూటా ఎడారిలో గాలి పొడిగా ఉండటంవల్ల చెమట పుట్టగానే ఆవిరైపోతుంది. చొక్కా తడవదు, దాహం కూడా ఆలస్యంగా వేస్తుంది. తలనొప్పి మొదలయ్యేసరికి అప్పటికే ఒంట్లో నీరు బాగా తగ్గిపోయి ఉంటుంది. వేసవిలోనే వెళ్ళక తప్పదంటే ఉదయం దొరికే మొట్టమొదటి హైక్ తీసుకోండి, మధ్యాహ్నానిది వద్దు.

ఫైరీ ఫర్నెస్, అంటే నిప్పుల కొలిమి, అన్న పేరు చూసి భయపడక్కర్లేదు. సాయంత్రపు ఎండ పడినప్పుడు ఆ రాళ్ళు నిప్పులా వెలుగుతాయి కాబట్టి కొలిమి అన్నారు. లోపల నీడ ఎక్కువ. గోడల మధ్య గాలి బయటికంటే చల్లగానే ఉంటుంది. అందుకే వసంతంలో, శరత్తులో పొద్దున్నే వెళ్ళేవాళ్ళు ఒక పలుచని జాకెట్ పెట్టుకోవడం మంచిది. ఒకే రోజులో పగటికీ రాత్రికీ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన తేడా వచ్చే ప్రాంతం అది.

చలికాలంలో రేంజర్ హైక్‌లు ఉండవు. నీడ పడే సందుల్లో మంచు గడ్డకట్టి రాయి జారుతుంది కాబట్టి ఆ కాలంలో సొంతంగా వెళ్ళమని కూడా నేను చెప్పను.

టికెట్ సంపాదించడం

అసలు పరీక్ష ఇక్కడే. టికెట్లు రిక్రియేషన్ డాట్ గవ్ సైట్లో అమ్ముతారు. పార్కు ప్రవేశ రుసుము వేరు, ఈ టికెట్ వేరు. ఎన్ని రోజుల ముందు, ఏ గంటకి విడుదల చేస్తారన్నది సీజన్ మొదట్లో ఆ పేజీలోనే రాస్తారు. దాన్ని చదివి క్యాలెండర్లో రిమైండర్ పెట్టుకోండి. సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. మంచి తేదీలైతే నిమిషాల్లో అయిపోతాయి.

విడుదలకి ముందురోజే అకౌంట్ తెరిచి, లాగిన్ అయ్యి, కార్డు వివరాలు సిద్ధంగా ఉంచుకోండి. పిల్లలతో సహా ప్రతి మనిషికీ విడిగా టికెట్ ఉండాలి. నలుగురికి ఒకేసారి దొరక్కపోతే ఇద్దరిద్దరుగా వేర్వేరు పూటలకి ప్రయత్నించండి. ఒకరు పిల్లల్ని చూసుకుంటుంటే ఇంకొకరు వెళ్ళిరావచ్చు, అయిదేళ్ళలోపు పాప ఉన్న ఇంట్లో ఎలాగూ అదే చేయాలి.

టైమ్ విషయంలో ఒక జాగ్రత్త. యూటాది మౌంటెన్ టైమ్. డల్లాస్‌లో ఉన్నవాళ్ళకి అది గంట వెనక, కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి గంట ముందు. అరిజోనాతో మరీ తికమక. అక్కడ వేసవిలో గడియారం ముందుకి జరపరు కాబట్టి మార్చి నుంచి నవంబరు దాకా ఫీనిక్స్ గానీ పేజ్ ఊరు గానీ యూటా కంటే గంట వెనక ఉంటాయి. పేజ్‌లో యాంటిలోప్ కాన్యన్ చూసి తెల్లారి పార్కు దగ్గరున్న మోయాబ్ ఊరికి బయల్దేరేవాళ్ళు ఆ గంట లెక్కలో మర్చిపోతే హైక్ వెళ్ళిపోతుంది. రేంజర్ ఎవరి కోసమూ ఆగరు.

పార్కులోకి కార్లని అనుమతించే పద్ధతి కూడా ఈ మధ్య ఏళ్ళలో మారుతూ వచ్చింది. 2022 నుంచి కొన్ని సీజన్లలో లోపలికి రావడానికే ముందుగా సమయం బుక్ చేసుకోవాల్సి వచ్చింది. మీరు వెళ్ళే ఏడాది నియమం ఏమిటో నేషనల్ పార్క్ సర్వీస్ సైట్లో ఆర్చెస్ పేజీలో చూసుకుని బయల్దేరండి. టికెట్ ఖరారయ్యాక వచ్చే ఈమెయిల్ మొత్తం చదవండి. ఎక్కడికి, ఎన్ని గంటలకి రావాలో, ఏం చూపించాలో అందులో ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ రాదు.

మోయాబ్ చేరడం

పార్కు ద్వారం మోయాబ్ ఊరికి ఉత్తరాన అయిదు మైళ్ళ దూరంలో, 191 నంబరు హైవే మీదే ఉంటుంది. సాల్ట్ లేక్ సిటీ నుంచి కారులో నాలుగు గంటలు, కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్ నుంచి రెండు గంటల లోపు, డెన్వర్ నుంచి ఆరు గంటలు వేసుకోండి. ముందురోజు సాయంత్రానికే మోయాబ్ చేరి పడుకోవడం మంచిది. రాత్రంతా డ్రైవ్ చేసి పొద్దున్న రాళ్ళెక్కే ఆలోచన మానుకోండి.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి

అన్నిటికంటే ముఖ్యం బూట్లు. హైకింగ్ బూట్లు గానీ, అడుగున పట్టున్న స్పోర్ట్స్ షూస్ గానీ ఉండాలి. చెప్పులు, శాండల్స్, వేళ్ళు కనిపించేవి ఏవీ పనికిరావు, వాటితో వస్తే మొదట్లోనే వెనక్కి పంపేస్తారు. కొత్త బూట్లు కొంటే ఇంటి దగ్గర వారం పది రోజులు వేసుకుని తిరగండి. అడుగుభాగం అరిగిపోయిన పాత షూస్ బల్లపరుపు నేల మీద బాగానే అనిపిస్తాయి, ఏటవాలు రాతి మీద అసలు రంగు బయటపడుతుంది.

బట్టలు పాతవైతే మేలు. ఇసుకరాయి గరుకుగా ఉంటుంది, కూర్చుని జారేచోట ప్యాంటు వెనక భాగం చిరగడం కొత్తేమీ కాదు. కాళ్ళు పూర్తిగా కప్పే, వంగితే బిగుసుకోని ప్యాంటు వేసుకోండి. చీర, చున్నీ, వదులు పైజామా సందుల్లో తట్టుకుంటాయి. గాజులు, ఉంగరాలు హోటల్లోనే తీసి పెట్టండి. వేలికి ఉంగరం ఉంటే రాయి పట్టుకున్నప్పుడు నొక్కుకుని నొప్పి పుడుతుంది.

చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, ఇది నియమమే అనుకోండి. అంటే బాటిల్ చేత్తో పట్టుకుని రావడం కుదరదు. చిన్న బ్యాక్‌ప్యాక్ ఒకటి చాలు. పెద్దదైతే గోడల మధ్య ఇరుక్కుంటుంది. మనిషికి కనీసం ఒక లీటరు నీళ్ళు తప్పనిసరి. వేసవిలో రెండు లీటర్లు పెట్టుకోమంటాను. ఆ రోజు మొత్తానికి మనిషికి నాలుగు లీటర్ల దాకా తాగాల్సి రావచ్చు కాబట్టి కారులో ఇంకో క్యాన్ ఉంచండి. ట్రెక్కింగ్ కర్రలు ఇక్కడ అడ్డమే తప్ప ఉపయోగం లేదు.

నీళ్ళొక్కటే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి కళ్ళు తిరుగుతాయి. ఇండియా నుంచి వచ్చిన సూట్‌కేస్‌లో ఎలక్ట్రాల్ ప్యాకెట్లు ఎలాగూ ఉంటాయి, ఒక బాటిల్లో కలిపి పెట్టుకోండి. నమలడానికి చెగోడీలు, కారప్పూస, వేయించిన పల్లీలు చక్కగా సరిపోతాయి. పార్కు లోపల తినడానికి ఏమీ అమ్మరు. అందుకే పులిహోర డబ్బా కట్టుకుని కారులో ఐస్‌బాక్స్‌లో పెట్టండి, హైక్ అయ్యాక అక్కరకొస్తుంది. పెరుగన్నం కూడా మంచిదే గానీ ఐస్ కరగకుండా చూసుకోవాలి.

టోపీ, సన్‌స్క్రీన్, చిన్న టార్చి, మీరు రోజూ వేసుకునే మందులు. ఇవి చాలు. మెడలో వేలాడే పెద్ద కెమెరా ప్రతి మలుపులోనూ రాయికి కొట్టుకుంటుంది. ఫోన్‌ని జిప్ ఉన్న జేబులో పెట్టుకుంటే హాయి. డ్రోన్‌లు నేషనల్ పార్కుల్లో నిషేధం.

ఆ రోజు ఉదయం

కడుపు నిండుగా టిఫిన్ తినండి. విజిటర్ సెంటర్ దగ్గర ఆగి బాటిళ్ళు నింపుకుని, బాత్‌రూమ్ పని కూడా అక్కడే ముగించుకోండి. రాళ్ళ మధ్యకి వెళ్ళాక ఏ సదుపాయమూ ఉండదు. అక్కణ్ణుంచి ఫైరీ ఫర్నెస్ పార్కింగ్ చేరడానికి అరగంట పడుతుంది. దారి పొడవునా బ్యాలెన్స్‌డ్ రాక్ లాంటివి కనిపిస్తూ కారు ఆపమని పిలుస్తుంటాయి. వాటిని తిరుగు ప్రయాణంలో చూడొచ్చు. హైక్ టైమ్‌కి కనీసం పావుగంట ముందు అక్కడ ఉండండి.

రేంజర్ వచ్చి టికెట్లు, బూట్లు, నీళ్ళు చూస్తారు. ఆ తర్వాత చెప్పే నియమాల్ని శ్రద్ధగా వినండి. మోకాలి సర్జరీ, ఆస్తమా, ఎత్తంటే భయం ఏదైనా ఉంటే అప్పుడే చెప్పేయండి. అమ్మకి ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాకపోతే ఆవిడ పక్కనే మీరు నడవండి. "ఎడమ కాలు ఇక్కడ పెట్టు, కుడి చెయ్యి ఆ గూట్లో పెట్టు" అని ఆ క్షణంలోనే తెలుగులో చెప్పేవాళ్ళుండాలి.

రాతి మీద శరీరాన్ని కదపడం

మొదటి కొన్ని నిమిషాలు ఇసుకలో మామూలు నడకే. ఆ తర్వాత గోడలు దగ్గరవుతాయి. ఇక్కడ తెలుసుకోవాల్సినవి నాలుగు కదలికలు. వీటిని ముందుగా చదివి ఉంటే రేంజర్ చెప్పింది వెంటనే ఒంటికి పడుతుంది.

మొదటిది ఏటవాలు రాయి ఎక్కడం. భయపడ్డ మనిషి సహజంగా ముందుకి వంగి రాయిని హత్తుకోబోతాడు. అలా వంగితే బరువు పాదాల మీంచి తొలగి బూటు జారుతుంది. నడుము నిటారుగా ఉంచి, పాదం మొత్తం రాయికి ఆనేలా వేసి, చిన్న చిన్న అడుగులు వేయండి. పొడి ఇసుకరాయి రబ్బరు అడుగుని బాగా పట్టి ఉంచుతుంది, రెండు మూడు అడుగులయ్యాక ఆ నమ్మకం మీకే కుదురుతుంది. బూటు కింద ఇసుక రేణువులుంటే మాత్రం జారుతుంది. ఎక్కే ముందు అడుగుల్ని పక్క రాతికి ఒకసారి రుద్దుకోండి.

రెండోది దిగడం. ఎక్కడం కంటే ఇదే కష్టం. నిలబడి దిగలేమనిపించగానే మొహమాటపడకుండా కూర్చోండి. అరచేతులు వెనక, మడమలు ముందు, నాలుగు చోట్లా బరువు పంచి కొంచెం కొంచెంగా జరగండి. ముందు దిగినవాళ్ళు కింద నిలబడి, వెనకవాళ్ళకి కాలు ఎక్కడ ఆనుతుందో చెప్పాలి. చెయ్యి పట్టి లాగకండి, లాగితే ఇద్దరి బ్యాలెన్సూ పోతుంది.

మూడోది సందు. భుజాలు పట్టనంత ఇరుకు వస్తుంది. బ్యాక్‌ప్యాక్ తీసి చేతిలో పట్టుకోండి, లేదా ముందున్నవాళ్ళకి అందించండి. పక్కకి తిరిగి, తల మీరు వెళ్ళాల్సిన వైపు ముందే తిప్పుకోండి, మధ్యలో తిప్పడానికి చోటుండదు. ఛాతీ ముందు ఒక గోడ, వీపు వెనక ఒక గోడ. ఊపిరి కొంచెం వదిలి, ముందు కాలు జరిపి, వెనక కాలు దానికి కలిపి, మళ్ళీ ఊపిరి తీసుకోండి. రాయి చల్లగా చొక్కాలోంచి తగులుతుంది. అడుగున నేల దగ్గర సందు మరీ ఇరుకైపోయేచోట పాదం నిలువుగా ఇరుక్కోకుండా కాస్త పైన, వెడల్పున్నచోట వేయాలి.

నాలుగోది, కింద నేల లేకుండా రెండు గోడల మధ్య పగులున్నచోట ఎడమ పాదం ఒక గోడకి, కుడి పాదం ఇంకో గోడకి ఆనించి, చేతులు రెండువైపులా చాచి నడవడం. వినడానికి సర్కస్‌లా ఉంటుంది గానీ రెండు పాదాలూ గట్టిగా నొక్కితే చాలా స్థిరంగా ఉంటుంది. ఒకసారి ఒక్క పాదం మాత్రమే కదపండి, మిగతా మూడూ రాతికి ఆని ఉండాలి. చిన్న పగులు మీంచి అడుగు చాపి దాటాల్సి వచ్చినప్పుడు కూడా దూకే తొందర వద్దు. అవతల పాదం పడే చోటుని ముందు చూసుకుని, అక్కడే చూపు నిలపండి.

మీ ముందు నడిచే మనిషికీ మీకూ మధ్య నాలుగైదు అడుగుల దూరం ఉంచండి. వాళ్ళు జారితే మీమీద పడకూడదు, వాళ్ళు ఏ రాయిని పట్టుకుంటున్నారో కూడా మీకు కనబడాలి.

పాదం ఎక్కడ మోపాలి

ఆ నేలంతా ఖాళీ ఇసుకే అనుకుంటాం. గోడల అంచున, చెట్ల కింద చూస్తే కొన్నిచోట్ల నేల నల్లబడి, చిన్న చిన్న బుడిపెలతో, పైకి లేచిన పెచ్చులా ఉంటుంది. వంగి దగ్గర్నుంచి చూడండి. వేలెడు ఎత్తు కూడా లేని శిఖరాలు, వాటి మధ్య లోయలు, అక్కడక్కడా నాచు, లైకెన్. ఆ నలుపు ప్రాణమున్నది. సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు తడి తగిలినప్పుడు ఇసుక రేణువుల మధ్య జిగురు పోగులు అల్లుతాయి. ఎండిపోయినా ఆ పోగులు రేణువుల్ని పట్టి ఉంచుతాయి. గాలికి ఇసుక ఎగిరిపోకుండా ఆపేది, వాన నీటిని పట్టి ఉంచేది, గాలిలోని నైట్రోజన్‌ని నేలకి అందించేది ఈ పెచ్చే. ఆ ఎడారిలో మొక్క మొలిచిందంటే దీని చలవే.

దాని మీద ఒక్క బూటు పడితే పొడిపొడిగా చితికిపోతుంది. మళ్ళీ అతుక్కుని మునుపటిలా పెరగడానికి దశాబ్దాలు పట్టవచ్చు. ఫోటో కోసం పక్కకి వేసిన ఒక్క అడుగు, పుట్టిన బిడ్డ పెద్దదై తన పిల్లల్ని తీసుకొచ్చినా కనబడుతుంది. నియమం చాలా సులువు: గట్టి రాతి మీద నడవండి, లేదా వాన నీరు పారే ఇసుక వాగులో నడవండి. మూడో చోటు లేదు. ఎదురుగా ఎవరైనా వస్తే దారివ్వడానికి కూడా రాతి మీద ఆగాలే గాని పక్క మట్టిలోకి దిగకూడదు. పిల్లలకి ఈ మాట ఒక్కసారి చెప్తే చాలు, మిగతా దారంతా వాళ్ళే పెద్దవాళ్ళని కాపలా కాస్తారు.

రెండోది రాతి గుంటలు. రాయి మీద సహజంగా ఏర్పడిన పల్లాల్లో వాన తర్వాత నీళ్ళు నిలుస్తాయి. కాసేపు కదలకుండా చూస్తే అందులో గోరంత రొయ్యలు, డాలు తొడుక్కున్నట్టున్న టాడ్‌పోల్ ష్రింప్ ఈదుతుంటాయి. నీళ్ళు ఎండిపోయేలోగా పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టేస్తాయి. ఆ గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్ళ తరబడి ఉండి, మళ్ళీ వాన పడ్డప్పుడు పొదుగుతాయి. కాబట్టి నీళ్ళున్న గుంటలో చెయ్యి పెట్టకూడదు, మన చేతి సన్‌స్క్రీన్ చాలు వాటిని చంపడానికి. ఎండిపోయి దుమ్ము పేరుకున్న గుంటలో కాలు కూడా పెట్టకూడదు.

రాళ్ళ మీద పేర్లు చెక్కడం గురించి వేరే చెప్పక్కర్లేదు. అది నేరం, పైగా ఇసుకరాయి మెత్తన కాబట్టి గీత అలాగే మిగిలిపోతుంది.

రాళ్ళని చదవడం

రేంజర్ ఆగినచోటల్లా తలెత్తి చూడండి. ఇక్కడి గోడలు కత్తితో వరసగా కోసిన మైసూర్‌పాక్ ముక్కల్లా ఉంటాయి: సన్నగా, నిలువుగా, ఒకదానికొకటి సమాంతరంగా. వీటిని ఫిన్‌లు అంటారు. ఇవి ఇంత తీరుగా రావడానికి కారణం నేల అడుగున ఉన్న ఉప్పు.

సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడికి సముద్రపు నీరు మాటిమాటికీ వచ్చి ఎండిపోయి, వేల అడుగుల మందాన ఉప్పు పొర మిగిలింది. దాని మీద కోట్ల ఏళ్ళపాటు ఇసుక, మట్టి పేరుకుని రాయిగా మారాయి. అంత బరువు కింద ఉప్పు గట్టిగా నిలవదు, మెల్లగా పక్కలకి పాకుతూ కొన్నిచోట్ల పైకి ఉబుకుతుంది. ఆ ఉబ్బుకి పైనున్న ఎంట్రాడా ఇసుకరాయి వంగి, నిలువుగా వరస పగుళ్ళిచ్చింది. తర్వాత భూగర్భ జలం ఉప్పుని కరిగించి, మధ్యభాగం కుంగి లోయ అయింది. పగుళ్ళలోకి వాన, మంచు చేరి వాటిని వెడల్పు చేశాయి. మీరు పక్కకి తిరిగి దూరిన సందు అలా వెడల్పవుతున్న పగులే.

ఫిన్ అడుగున మెత్తటి భాగం ముందు రాలిపోతే గూడు పడుతుంది. గూడు అవతలికి పొడుచుకుపోతే ఆర్చ్. ఏ వైపునైనా కనీసం మూడడుగుల తెరపి ఉంటేనే పార్కు లెక్కలో ఆర్చ్‌గా రాస్తారు. అలాంటివి ఈ పార్కులో 2,000 పైనే ఉన్నాయి. ఫైరీ ఫర్నెస్ లోపల సర్‌ప్రైజ్ ఆర్చ్, స్కల్ ఆర్చ్ లాంటివి దాక్కుని ఉంటాయి. స్కల్ ఆర్చ్‌కి పక్కపక్కనే రెండు తెరపులు, కంటి గుంతల్లాగే.

తిరుమల వెళ్ళినవాళ్ళు శిలాతోరణం చూసే ఉంటారు. అదీ సహజంగా ఏర్పడిన రాతి తోరణమే. అది క్వార్ట్‌జైట్, చాలా గట్టి రాయి. ఆర్చెస్‌లోది ఇసుకరాయి కాబట్టి మార్పు మనిషి జీవితకాలంలోనే కంటికి కనబడుతుంది. 1991లో ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి 60 అడుగుల పొడవైన రాతి పలక కింద పడింది. 2008 ఆగస్టులో వాల్ ఆర్చ్ ఒక రాత్రి మొత్తంగా కూలిపోయింది. అందుకే ఆర్చ్‌ల మీదికి ఎక్కనివ్వరు.

వాన మబ్బు కనిపిస్తే

జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. ఇరుకు సందుల్లో ఇది నిజమైన ప్రమాదం. ఆ రాతి నేల నీటిని పీల్చుకోదు, పడ్డదంతా వాగులోకి దిగుతుంది. అరిజోనాలోని లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 1997 ఆగస్టు 12న హఠాత్తుగా వచ్చిన వరదకి 11 మంది చనిపోయారు. వాన కురిసింది అక్కడ కాదు, మైళ్ళ దూరంలో ఎగువన.

కాబట్టి రేంజర్ హైక్ రద్దు చేస్తే వాదించకండి. మధ్యలో వెనక్కి తిరుగుదామంటే వెంటనే కదలండి. వాన తర్వాత ఇంకో సంగతి ఉంది, తడిసిన ఇసుకరాయి బలహీనపడుతుంది. పొడిగా ఉన్నప్పుడు చేతికి గట్టిగా తగిలిన అంచు తడిలో విరగవచ్చు.

నడుస్తూ పక్కవాళ్ళని గమనించండి. మాట తగ్గిపోవడం, తూలడం, తలనొప్పి, వికారం, చలిగా ఉందనడం, ఎండలో ఇవన్నీ ముందస్తు గుర్తులు. సర్దుకుంటుందిలే అని ఆగకుండా రేంజర్‌కి చెప్పి, నీడలో కూర్చోబెట్టి, ఎలక్ట్రాల్ నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించండి.

టికెట్ దొరక్కపోతే

సొంతంగా తిరగడానికి పర్మిట్ ఉంటుంది, అదీ రిక్రియేషన్ డాట్ గవ్‌లోనే. లోపల చిన్న బాణం గుర్తులు కొన్ని ఉంటాయి గానీ వాటిని వెతుక్కుంటూ పోవాలి. ఎత్తైన గోడల మధ్య ఫోన్ జీపీఎస్ చుక్క పక్క సందులో చూపిస్తుంది, నమ్మలేం. ఇదివరకు రేంజర్‌తో వెళ్ళొచ్చినవాళ్ళు ఒకరైనా వెంట ఉంటేనే ఈ దారి ఎంచుకోండి.

అది కూడా కుదరకపోతే డెవిల్స్ గార్డెన్ దగ్గర ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ దాకా నడవండి. రానుపోను రెండు మైళ్ళ లోపే, మంచి దారి, పెద్దవాళ్ళూ చిన్నపిల్లలూ అందరూ రావచ్చు. 306 అడుగుల ఆ తోరణం ఉత్తర అమెరికాలోకెల్లా పొడవైనది. ఆ దారి మొదట్లోనే రెండు ఎత్తైన ఫిన్‌ల మధ్యగా నడుస్తారు, ఇరుకు భయం ఉన్నవాళ్ళకి కూడా ఇబ్బంది పెట్టనంత వెడల్పు ఉంటుంది. పార్క్ అవెన్యూ దారి ఇంకొకటి, పెద్ద గోడల మధ్య మైలు దూరం. రెండో చివర ఇంకొకరు కారుతో ఎదురొస్తే ఎక్కే పని తప్పుతుంది.

ఫైరీ ఫర్నెస్ హైక్ చేసినవాళ్ళకి కూడా మధ్యాహ్నం మిగులుతుంది. నేరుగా డెవిల్స్ గార్డెన్‌కి పోనివ్వండి, అక్కడ తాగే నీళ్ళు దొరుకుతాయి. బాటిళ్ళు నింపుకుని, బూట్లు విప్పి ఇసుక దులుపుకుని, ఐస్‌బాక్స్ తెరిచి పులిహోర తినండి. ల్యాండ్‌స్కేప్ ఆర్చ్‌కి వెళ్ళడం మాత్రం ఎండ తగ్గాక, సాయంత్రం పెట్టుకోండి.